యుద్ధవీరుడి వార్ధక్యం: హెచ్చరికగా మిగిలే పాత్రను రాయడం ఎలా

యుద్ధంలో పేరు తెచ్చుకున్న ఒక కల్పిత వీరుడు, ఆ తరువాతి జీవితంలో చుట్టుపక్కలవారికి హెచ్చరికగా మారే కథ రాయదలచినవారు కలం పట్టకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. అతణ్ణి చెడగొట్టేది తరువాత వచ్చి చేరిన దుర్గుణమా, లేక ఒకప్పుడు అతణ్ణి వీరుణ్ణి చేసిన సుగుణమేనా? తాగుడో, జూదమో, ధనాశో అతణ్ణి పడగొట్టిందని రాస్తే కథ తొందరగా పూర్తవుతుంది గాని, ఆ వ్యసనం లేని పాఠకుడు నిశ్చింతగా పుస్తకం మూసేస్తాడు. యుద్ధంలో పదిమందిని బతికించిన గుణమే ఇంట్లో, వీధిలో నలుగురికి చేటు తెచ్చిందని రాస్తే, ఆ గుణాన్ని తనలోనూ మెచ్చుకుంటున్న పాఠకుడు అంత సులువుగా పక్కకు తప్పుకోలేడు. ఇక్కడ ఈ రెండవ పద్ధతినే వివరిస్తాను. అందుకోసం విజయవాడలో స్థిరపడిన ఒక మాజీ సైనికుడి పాత్రను ఊహించుకుని, మొదటి నుంచి చివరి వరకు ఎలా కట్టాలో చూద్దాం.

ఈ పనికి మన దగ్గర చాలా పాత నమూనా ఉంది. అర్జునుడు తపస్సు చేసి శివుణ్ణి మెప్పించి పాశుపతాన్ని పొందింది ఇంద్రకీలాద్రి మీదనే అని విజయవాడ ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ అర్జునుడే మహాభారతంలోని మౌసల పర్వంలో ఎలా కనబడతాడో శ్రద్ధగా చదవాలి. యాదవులు తమలో తాము కొట్టుకుని నశించాక, ద్వారకలో మిగిలిన స్త్రీలను, వృద్ధులను, పిల్లలను వెంటబెట్టుకుని వస్తున్న అతనిమీద కర్రలు పట్టుకున్న ఆభీరులనే దోపిడీగాళ్ళు పడతారు. గాండీవం ఎక్కుపెట్టడమే అతనికి కష్టమవుతుంది, దివ్యాస్త్రాలు స్ఫురణకు రావు, అమ్ములపొదులు ఖాళీ అవుతాయి, చివరికి వింటి కొనతో కొడుతూ నిలబడతాడు, అతని కళ్ళ ముందే స్త్రీలను ఎత్తుకుపోతారు. వ్యాసుడు కాలం తీరిందని చెప్పిన తరువాత కూడా, మహాప్రస్థానానికి బయలుదేరినప్పుడు, అర్జునుడు గాండీవాన్ని వదలడు. అగ్నిదేవుడు ఎదురై అడిగితే గాని దాన్ని నీటిలో విడిచిపెట్టడు. నా దృష్టిలో కథకుడికి పనికొచ్చే కీలకం ఈ చివరి సంగతిలోనే ఉంది. బలం తగ్గడం ఎవరికైనా సహజమే, అందులో హెచ్చరిక ఏమీ లేదు. పనికిరాని ఆయుధాన్ని పట్టుకుని ఉండటంలో హెచ్చరిక ఉంది.

పల్నాటి కథలు మరో మార్గం చూపిస్తాయి. కారంపూడిలో ఏటా కార్తిక మాసంలో వీరుల ఉత్సవం జరుగుతుంది, బాలచంద్రుడి శౌర్యాన్ని వీరవిద్యావంతులనే కథాగాయకులు ఈనాటికీ పాడతారు. బాలచంద్రుడు యువకుడిగానే రణభూమిలో పడిపోయాడు గనుక అతని పేరుకు తరువాతి జీవితం ఏ మచ్చా తేలేదు. యుద్ధం తరువాత కూడా బతికి ఉన్న బ్రహ్మనాయుడి విషయంలో మాత్రం జానపదులు ఆయన గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని చెప్పుకున్నారు. అంత వినాశనం చూసిన పెద్దాయన ఆ తరువాత ఎవరితో ఏం మాట్లాడాడో, ఏ పూట ఎవరింట తిన్నాడో, ఎవరిమీద కోపగించుకున్నాడో కథలోకి రానివ్వకుండా ఆ బిలం కాపాడింది. ఆధునిక కథకుడు ఆ బిలానికి బదులు ఆ పూటలనే రాయాలి. అశ్వత్థామ నమూనా మాత్రం ఈ పనికి ఎక్కువగా ఉపయోగపడదు. నిద్రపోతున్నవారిని చంపి, మణి కోల్పోయి, మూడు వేల ఏళ్ళు తిరుగుతూ ఉండమని శాపం పొందిన అతని కథలో తీర్పు బయటివారు చెప్పేశారు, పాఠకుడు తేల్చుకోవలసింది ఏమీ మిగలలేదు.

ఇక పాత్ర నిర్మాణానికి వస్తే, యుద్ధం మొత్తాన్ని ఎంచుకోకూడదు, యుద్ధంలో ఒకే ఒక్క పనిని ఎంచుకోవాలి. ఆ పని చేతులతో చేసేదై ఉంటే మరీ మంచిది, ఎందుకంటే చేతులకు అలవాటైన పని మనిషిని జీవితాంతం వదలదు. మన పాత్ర తెనాలి దగ్గరి పల్లెలో 1949లో పుట్టాడని, 1968లో సైన్యపు ఇంజనీరింగు విభాగమైన మద్రాస్ సాపర్స్‌లో చేరాడని అనుకుందాం. 1971 డిసెంబరులో పశ్చిమ సరిహద్దున, షకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది దగ్గర శత్రువు నేలలో పాతిన మైన్లను, అంటే మందుపాతరలను, ఏరి, మన ట్యాంకులకు దారి చేసిన వారిలో అతనొకడు. అప్పటికి వయసు 22. చీకట్లో, ఫిరంగి గుండ్లు పడుతుండగా, బోర్లా పడుకుని, సన్నని ఊచతో నేలను ఏటవాలుగా గుచ్చుతూ, అంగుళం అంగుళం తడిమి చూసి, నిర్భయంగా నడవదగిన మేరకు ఇరువైపులా తెల్లని పట్టీ పరచడం అతని పని. ఆ పట్టీ దాటి ఎవరూ కాలు పెట్టకూడదు. మైను ఉందని అనుమానం వస్తే ఉన్నచోటనే కదలకుండా నిలబడాలి. ఈ పనిలో అతను ప్రాణాలకు తెగించి కొందరిని కాపాడాడు. కథలో ఈ ఘట్టానికి రెండు పేజీలు మించి ఇవ్వవలసిన అవసరం లేదు. యుద్ధ వర్ణన మీద మోజుతో సగం కథ అక్కడే ఖర్చు చేస్తే, వార్ధక్యం అనుబంధంలా మిగిలిపోతుంది.

బిరుదుల విషయంలో జాగ్రత్త అవసరం. పరమవీర చక్రం ఇంతవరకు 21 మందికే లభించింది, వారందరి పేర్లు లోకానికి తెలుసు. కల్పిత పాత్రకు దాన్ని తగిలిస్తే నిజంగా పొందినవారికి అన్యాయం జరుగుతుంది, పాఠకుడికి కథమీద నమ్మకమూ పోతుంది. సేనా మెడల్ చాలు. అసలు పతకమే లేకుండా, పై అధికారి భుజం తట్టి అన్న ఒక మాట మాత్రమే ఉంటే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే కాగితం లేని కీర్తిని మనిషి తన నోటితోనే నిలబెట్టుకోవలసి వస్తుంది.

వయసుల లెక్కను ముందే కాగితం మీద వేసుకోవాలి. మన సైన్యంలో జవానుగా చేరినవారు చాలామంది నలభై నిండకముందే పింఛనుతో ఇంటికి వచ్చేస్తారు. మన పాత్ర 1986లో హవల్దారుగా విరమించాడంటే అప్పటికి 37 ఏళ్ళు, ఇంకా 38 ఏళ్ళు గడిస్తే గాని 2024 రాదు. సైన్యంలో గడిపిన కాలం కంటే రెట్టింపు కాలం బయట బతికాడన్నమాట. ‘తరువాతి జీవితం’ అనగానే తలనెరిసిన మనిషిని మాత్రమే ఊహించుకునే రచయితలు ఈ నలభైలను, యాభైలను వదిలేస్తున్నారు. నిజానికి ఒక మనిషి మాటకు ఎదురు చెప్పకూడదనే అలవాటు వీధిలో స్థిరపడేది ఆ ఏళ్ళలోనే.

అతని సుగుణాన్ని ఒక నియమంగా, అతని నోటి మాటలోనే, ఒకే వాక్యంలో రాసి పెట్టుకోవాలి. మన హవల్దారు మాట ఇది: “నేను చూసి చెప్పిందాకా ఎవరూ కాలు బయట పెట్టమాకండి.” బసంతర్ దగ్గర ఈ వాక్యం ప్రాణాలు నిలబెట్టింది. కథ పొడుగునా ఇదే వాక్యం, ఒక్క అక్షరం మారకుండా, మూడు నాలుగు చోట్ల రావాలి. ప్రతిసారీ సందర్భం మారుతుంది, వినేవారు మారుతారు, ఫలితం మారుతుంది. వాక్యం మారదు, అతనూ మారడు. పాత్ర ‘పతనం’ అని మనం పిలిచేదాన్ని ఇలా చూపించగలిగితే ఎక్కడా అతణ్ణి చెడ్డవాడిగా చిత్రించవలసిన పని ఉండదు.

విరమణ తరువాత అతను బ్యాంకులో గన్‌మన్‌గా చేరి, వచ్చిన డబ్బుతో సింగ్ నగర్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడని పెట్టుకుందాం. వీధి అతణ్ణి ‘మిలట్రీ బాబాయి గారు’ అని పిలుస్తుంది. కుళాయి దగ్గర తగవు వస్తే తీర్పు ఆయనదే, స్వాతంత్ర్య దినోత్సవానికి జెండా ఎగరేసేది ఆయనే, కుర్రవాళ్ళకు తెల్లవారుజామున పరుగు నేర్పేదీ ఆయనే. సైనిక క్యాంటీన్‌లో చవకగా దొరికే సరుకు కావలసినవారు ఆయన గుమ్మం ముందు నిలబడి యుద్ధం కథ మరోసారి విని వెళ్తారు. ఆ గౌరవంలో నిజమైన ప్రేమ ఎంత, అవసరం ఎంత, భయం ఎంత అనేది రచయితకు స్పష్టంగా తెలిసి ఉండాలి. హెచ్చరికగా మారే వీరుణ్ణి అతను ఒక్కడే తయారు చేసుకోడు. కాదనవలసిన చోట కాదనని వీధి కూడా తయారు చేస్తుంది. ఆ వీధివారిలో కనీసం ఇద్దరికి ఆయన వల్ల నిజమైన మేలు జరిగి ఉండాలని నా గట్టి సూచన. ఉదాహరణకు, ఆయన నేర్పిన పరుగు వల్ల సైన్యంలో ఉద్యోగం సంపాదించి కుటుంబాన్ని నిలబెట్టుకున్న కుర్రవాడు ఒకడు ఉండాలి. ఆ మేలు లేకపోతే తరువాత జరిగే కీడుకు బరువు ఉండదు.

మొదటి నష్టం ఇంట్లో జరగాలి, అది బయటికి కనబడనిదై ఉండాలి. కూతురికి హైదరాబాదులో చదువుకునే అవకాశం వచ్చింది. ఆయన స్వయంగా వెళ్ళి, ఆ కాలేజీని, హాస్టలును, అక్కడి దారులను చూసి రావాలన్నాడు. బ్యాంకులో సెలవు దొరికేసరికి చేరవలసిన గడువు దాటిపోయింది. ఇందులో ద్వేషం లేదు, ఆడపిల్లకు చదువెందుకన్న మాట లేదు, జాగ్రత్త తప్ప ఏమీ లేదు. భార్య ఆ రాత్రి ఆయనకు అన్నం వడ్డించి తాను తినకుండా పడుకుంటుంది. ఆమెకు సుదీర్ఘమైన సంభాషణలు రాయనవసరం లేదు. “ఆయన చూసి వస్తానన్నారుగా” అని పొరుగువారికి చెప్పుకునే ఒక్క వాక్యంలో ఆమె ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని అంతా ఉంది. అందరికంటే ముందు సంగతి గ్రహించిన మనిషి ఆమె. ఈ ఘట్టాన్ని తొందరపడి దాటవేయకండి. కథ చివర వచ్చే పెద్ద నష్టాన్ని పాఠకుడు నమ్మేది ఇక్కడ చూసిన చిన్న నష్టం వల్లనే.

ఇప్పుడు ప్రధాన ఘట్టం. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానలకు విజయవాడ మీదుగా పారే బుడమేరు వాగు పొంగి, మళ్ళింపు కాలువకు గండ్లు పడి, సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయిన సంగతి ఈ జిల్లాలో ఎవరికీ గుర్తు చేయనవసరం లేదు. అదే సమయంలో కృష్ణలోనూ ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నమోదయింది. మన హవల్దారుకు అప్పటికి 75 ఏళ్ళు. ఆదివారం నీళ్ళు మొదటి మెట్టుకు చేరగానే వీధివారు ఆయన వైపు చూస్తారు. ఒక కుర్రవాడు ట్రాక్టరు తెచ్చి ముసలివాళ్ళను, పిల్లలను ఎక్కించుకుని పోతానంటాడు. మూతల్లేని మురుగు కాలువలున్నాయని, తీగలు తెగి కరెంటు పారుతూ ఉండవచ్చని, తాను చూసి చెప్పిందాకా ఎవరూ కాలు బయట పెట్టవద్దని ఆయన ఆపుతాడు. ఆ భయాలు అక్షరాలా నిజమైనవని రచయిత ఒప్పుకుని తీరాలి. ఆ తరువాత ఆయన వెదురు కర్ర తీసుకుని నీళ్ళలోకి దిగి, అడుగు అడుగుకూ నేలను గుచ్చి చూస్తూ, స్తంభం నుంచి స్తంభానికి తాడు కడుతూ ముందుకు పోతాడు. 75 ఏళ్ళ వయసులో అది నిజంగా సాహసమే. ఆయన వీధి చివరికి చేరి తిరిగి వచ్చేసరికి నీళ్ళు ఛాతీ లోతుకు వచ్చాయి, ట్రాక్టరు ఇక నడవదు.

మైన్ల మధ్య చిక్కుకున్నప్పుడు కదలకుండా ఉన్నవాడు బతుకుతాడు, పెరుగుతున్న నీటిలో కదలకుండా ఉన్నవాడికి గంటగంటకూ దారి మూసుకుపోతుంది. ఈ తేడాను కథలో ఎవరూ నోరు తెరిచి చెప్పకూడదు. వెదురు కర్రను, తాడును ఖచ్చితంగా వర్ణిస్తే, యాభై మూడేళ్ళ కిందటి ఊచను, తెల్లని పట్టీని పాఠకుడు తానే గుర్తు చేసుకుంటాడు. చరిత్ర మనకు ఇంకొక సాయం కూడా చేసింది. బసంతర్ దగ్గర మైన్లను ఏరడం పూర్తికాకముందే, శత్రు ట్యాంకుల కదలిక తెలిసి, మన ట్యాంకులు మిగిలిన మైన్ల మీదుగానే ముందుకు సాగాయి, ఆ తెగువే ఆనాటి పోరు గెలవడానికి కారణాల్లో ఒకటయింది. అంటే తన నియమానికి మినహాయింపును హవల్దారు ఆ రాత్రే కళ్ళారా చూశాడు. తాను ఏరిన సగం దారినే ఆయన జీవితమంతా చెప్పుకున్నాడు, ఏరని సగం మీదుగా ట్యాంకులు వెళ్ళిన సంగతి ఎప్పుడూ చెప్పలేదు. కథ మధ్యలో ఎక్కడో, వేరే సందర్భంలో, పాత మిత్రుడొకరి నోట ఈ విషయం యథాలాపంగా వినబడేలా చేస్తే, చివరి ఘట్టానికి అదే పునాది అవుతుంది. బుడమేరు గండ్లు పూడ్చడానికి సైన్యపు ఇంజనీరింగు విభాగంవారు కూడా వచ్చారు. అంటే హవల్దారు వృత్తికే చెందిన యువకులు ఆ రోజుల్లో ఆయన ఇంటికి కొద్ది మైళ్ళ దూరంలోనే పనిచేస్తున్నారు. ఈ వాస్తవాన్ని వదులుకునే కథకుడు ఉంటాడని నేను అనుకోను.

నష్టం ఎంతటిదై ఉండాలి? ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆ వరదలో నిజంగా మనుషులు చనిపోయారు, వారి కుటుంబాలు ఇంకా అదే ఊళ్ళో ఉన్నాయి. కథకు పదును కోసం అక్కడ ఒక కల్పిత మరణాన్ని చేర్చడం నాకు సమ్మతం కాదు. కొలవదగిన, నయం కావడానికి కాలం పట్టే నష్టం చాలు. వీధిలో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే మనిషి ఒకడున్నాడు. సోమవారం వెళ్ళవలసినవాడు వెళ్ళలేకపోయాడు, బుధవారం పడవ వచ్చేసరికి స్పృహలో లేడు. అతను బతికాడు గాని చాలాకాలం ఆసుపత్రిలోనే ఉండిపోయాడు. ఆదివారం ట్రాక్టరు ఎక్కి ఉంటే ఇదంతా ఉండేది కాదని వీధిలో అందరికీ తెలుసు. ఆ మనిషి కొడుకు, హవల్దారు నేర్పిన పరుగుతో సైన్యంలో చేరిన కుర్రవాడే అయితే, అతను సెలవు మీద వచ్చి మిలట్రీ బాబాయి గారి గుమ్మం ముందు ఏం మాట్లాడతాడన్నది రాయడమే ఈ కథలో అన్నిటికంటే కష్టమైన పని. అరవడం, చెయ్యి చేసుకోవడం వద్దు. మన ప్రాంతంలో పెద్దవారి మీద కోపం వచ్చినవాడు ఎక్కువసార్లు మర్యాద పెంచుతాడు. ‘బాబాయి గారూ’ అని పిలిచే కుర్రవాడు ఆ రోజు ‘హవల్దారు గారూ’ అని పిలిస్తే సరిపోతుంది.

వీరుడు హెచ్చరికగా మారడం అంటే ఊరు అతని పేరును వాడే తీరు మారడమే. మొదటి భాగంలో ఒక తల్లి కొడుకుతో “మిలట్రీ బాబాయి గారిలా ఉండాలిరా” అని చెప్పి ఉంటుంది. వరద తరువాత అదే వీధిలో, మొండికేస్తున్న మామగారితో ఒక కోడలు “మీరు కూడా మిలట్రీ బాబాయి గారిలా చేయమాకండి మామయ్య గారూ” అంటుంది. ఆమె మాటల్లో ద్వేషం ఉండకూడదు, కొంత జాలి, కొంత భయం ఉంటే చాలు. ఈ రెండు వాక్యాలూ సక్రమంగా కుదిరితే కథ పని చాలావరకు అయినట్టే.

కథ ఎవరు చెప్పాలన్న ప్రశ్నకు నా సలహా సూటిగానే ఉంటుంది. హవల్దారు నోట చెప్పించకండి, ఎందుకంటే అతను తనను సమర్థించుకుంటాడు లేదా తనను తాను నిందించుకుంటాడు, రెండూ కథను బలహీనం చేస్తాయి. కూతురు చెబితే ఫిర్యాదు ధ్వని తప్పదు. ట్రాక్టరు తెచ్చిన కుర్రవాడు, ఆ రోజు ఆయన మాటకు ఎదురు చెప్పలేక ఇంజను ఆపేసినవాడు, ఇప్పుడు చెప్పుకుంటే ఆ అపరాధంలో అతనికీ పాలు ఉంటుంది గనుక స్వరం నిజాయితీగా వస్తుంది.

సైనికుడు కాబట్టి మీసం మెలేస్తూ హిందీ ముక్కలు విసరడం, రాత్రిళ్ళు కలవరించి లేవడం, పాత తుపాకీ గోడమీంచి దించడం వంటివి సినిమాలవాళ్ళకు వదిలేయండి. యుద్ధం మనసుకు చేసే గాయం నిజమైనదే, దాన్ని రాయదలిస్తే అదొక ప్రత్యేకమైన కథగా, తగిన అధ్యయనంతో రాయాలి. ఇక్కడ దాన్ని కారణంగా వాడితే మళ్ళీ పాఠకుడు తప్పించుకునే సందు దొరుకుతుంది. దానికి బదులు, ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఇస్త్రీ చేసిన చొక్కాతో, ఒకప్పుడు తాను గన్‌మన్‌గా నిలబడిన బ్యాంకుకే వెళ్ళి వరుసలో నిలబడే మనిషిని చూపించండి. వరదకు ముందు ఏడాది అక్కడి గుమాస్తా లేచి నిలబడి కుర్చీ వేస్తాడు. వరద తరువాత ఏడాది కూడా కుర్చీ వేస్తాడు గాని, యుద్ధం కథ అడగడు.

చిత్తుప్రతి పూర్తయ్యాక ఇద్దరికి చదివి వినిపించాలి. ఒకరు మాజీ సైనికుడు, మరొకరు ఆ వరదలో ఇల్లు మునిగినవారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వచ్చిపోయే పెద్దలతో మర్యాదగా పరిచయం చేసుకుంటే, మొదటివారు దొరకడం కష్టం కాదు. మైన్లు ఏరే పద్ధతిలో, హోదాల్లో, పింఛను వ్యవహారాల్లో ఆయన చెప్పిన దిద్దుబాట్లన్నీ మారు మాట లేకుండా చేయండి. “మా వాళ్ళను తక్కువ చేస్తున్నారు” అని ఆయన బాధపడితే మాత్రం, హవల్దారు చేసిన మేలు కథలో తగినంత కనబడుతోందా లేదా అని మొదటి భాగాన్ని మళ్ళీ తరచి చూడండి. నా అంచనాలో పదింట తొమ్మిదిసార్లు లోపం అక్కడే ఉంటుంది. రెండవవారిని నీళ్ళు ఏ వేళకు ఎంత లోతు వచ్చాయో, ఎటునుంచి వచ్చాయో, మేడమీద ఎవరెవరు ఎలా సర్దుకున్నారో అడిగి, వారు చెప్పిన క్రమంలోనే ఆ ఘట్టాన్ని తిరగరాయండి. వారిలో ఎవరైనా వింటూ వింటూ “మా వీధిలోనూ ఇలాంటి పెద్దాయన ఒకరున్నారు” అని మొదలుపెడితే, మీ కాగితాలు పక్కన పెట్టి వారు చెప్పేది పూర్తిగా వినండి. వారి పెద్దాయన చేసిన పని మీ హవల్దారు చేయగలిగినదైతే కథలోకి తీసుకోండి, పేరును, ఇంటిని, గుర్తుపట్టే ఆనవాళ్ళను మాత్రం పూర్తిగా మార్చివేయండి.